రాబ్సన్ బండి కడిగే చోటు

కొండ ఎక్కే ముందు కజీవా వాగు దగ్గర రాబ్సన్ హరావా బండి ఆపాడంటే, ఆ రోజు ఎవరినో సొంతూళ్ళో దించి వస్తున్నాడని అర్థం. నడిచి దిగిన మనిషిని కాదు, పెట్టెలో పడుకున్న మనిషిని.

మా ఆసుపత్రి కొండ మీద ఉంది. ఊళ్ళన్నీ కింద, సరస్సు ఒడ్డున ఉన్నాయి. మధ్యలో ఇరవై రెండు మలుపుల మట్టిరోడ్డు. రోగిని పైకి తీసుకుపోయేదీ, బతకని మనిషిని తిరిగి తన మట్టికి తెచ్చేదీ ఒకటే అంబులెన్సు. పాతికేళ్ళుగా దానికి డ్రైవరూ మెకానిక్కూ రాబ్సనే.

వాగులోకి ముందు చక్రాలు దించి, ఇంజను ఆపకుండా కడిగేవాడు. బ్యాటరీ ముసలిది. బయట ఆపితే మళ్ళీ అందుకుంటుందన్న నమ్మకం లేదు. పైకప్పు, తలుపులు, లోపలి నేల, బండి కింద భాగం, అన్నీ వరసగా తోమేవాడు. చివర్లో ఒక డబ్బా నీళ్ళు ఎత్తి పొగగొట్టంలోకి వంచేవాడు. గొట్టం బుసకొట్టి ఆవిరి కక్కేది.

వాగు అవతల చిన్నచేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళకు అదొక వేడుక. అందరికంటే న్యాగోండ్వె నోరు పెద్దది.

"చూడండే, పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నాడు! ఏమయ్యా రాబ్సన్, నీ పెళ్ళాం వీపు ఎప్పుడైనా ఇలా తోమావా?"

"ఆవిడ శవాల్ని మొయ్యలేదుగా!"

"పాతికేళ్ళుగా నిన్ను మోస్తోందిగా, అది చాలదూ?"

రాబ్సన్ కూడా నవ్వేవాడు. చెయ్యి మాత్రం ఆపేవాడు కాదు.

నేను వాగు పక్కనున్న హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒకసారి అడిగాను, ఇంత కడగడం ఎందుకు మామా అని.

"పాతిపెట్టి వచ్చినవాడు చేతులు కడుక్కోకుండా పిల్లల్ని ఎత్తుకుంటాడా మేష్టారూ? బండికి వేరే చేతులు లేవు. ఒళ్ళంతా చేతులే. రేపు ఇందులోనే ఎవరో బాలింత ఎక్కాలి."

"మరి గొట్టంలో నీళ్ళెందుకు?"

"నోరు పుక్కిలించొద్దూ?"

ఆ జవాబు నాకు నచ్చింది. ఇంటికెళ్ళి మా ఆవిడ మెర్విస్‌కు చెప్పి నవ్వుకున్నాం కూడా. అప్పటికి మా పాప పుట్టలేదు.

పాత అంబులెన్సు అన్ని నీళ్ళనూ భరించింది. దానికి ఇనుమూ డీజిలూ తప్ప వేరే బుర్ర లేదు. మూడేళ్ళ కిందట దాని చాసిస్ విరిగింది. అప్పుడు సముద్రం అవతలి చర్చివాళ్ళు ఒకటి పంపించారు. వాళ్ళ దేశంలో పదేళ్ళు తిరిగిన బండే, అయినా మాకు కొత్తదే. పొగలో విషవాయువు ఎంత పోతోందో కొలిచే సెన్సర్ ఒకటి దాని గొట్టంలో, చివరి నుంచి మూరెడు లోపల, బిగించి ఉండేది. అది పని చేయకపోతే డ్రైవరు ముందు పసుపు లైటు వెలుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు ఓపిక పడుతుంది. అప్పటికీ సెన్సర్ మార్చకపోతే ఇంజను తన బలాన్ని తానే తగ్గించేసుకుంటుంది. మైదానంలో అయితే అది ఆలస్యం మాత్రమే. మా కొండ మీద అయితే మేక కంటే నెమ్మదిగా పాకుతుంది.

మొదటిసారి లైటు వెలిగింది ఒక ముసలి చేపలవాణ్ణి దించి వచ్చాక. చర్చివాళ్ళు ఒక సెన్సర్ పంపించారు, రాబ్సన్ మార్చాడు. ఎనిమిది నెలలకు మళ్ళీ వెలిగింది. అదీ ఒక శవాన్ని దించిన రోజే. ఊళ్ళో మాట పుట్టింది: పోయినవాళ్ళు బండి దిగడం లేదు, అందుకే కొండ ఎక్కనివ్వడం లేదు. రాబ్సన్ ఆ మాటను నమ్మాడో లేదో నాకు తెలియదు. రెండో సెన్సర్ బిగించాక మాత్రం గొట్టంలో ఒక డబ్బా నీళ్ళకు బదులు మూడు డబ్బాలు పోయడం మొదలుపెట్టాడు.

మూడోసారి లైటు వెలిగేసరికి చేతిలో స్పేరు లేదు. ఆసుపత్రివాళ్ళు చర్చివాళ్ళకు ఉత్తరం రాశారు. వచ్చేసరికి ఆరు వారాలు పడుతుందన్నారు. నాలుగో వారంలో రాబ్సన్ చెల్లెలి కూతురు లుసుంగుకు నొప్పులొచ్చాయి. ఉదయం పదింటికి బండి ఎక్కించారు. నాలుగో మలుపు దాటాక ఇంజను బలం తగ్గిపోయింది. లుసుంగుకు రక్తం ఆగలేదు. తలల మీద కసావా పిండి మూటలతో పైకి నడిచిపోతున్న ఆడవాళ్ళు బండిని దాటి ముందుకు పోయారట. పదిహేడో మలుపు దగ్గర లుసుంగు పోయింది. బిడ్డ కూడా.

రాబ్సన్ అదే బండిలో ఆమెను కిందికి తెచ్చాడు. వాగు దగ్గర ఆగి కడిగాడు. ఆ రోజు న్యాగోండ్వె నోరు మెదపలేదు.

కొత్త సెన్సరూ, దానితో ఒక ఉత్తరమూ వచ్చినప్పుడు మా పాప వనంగ్వాకు పది నెలలు. ఇదే చివరిది అని రాశారు చర్చివాళ్ళు. ఆ రకం ఇప్పుడు తయారు కావడం లేదట. ఇది కూడా పాడైతే బండిని చదును రోడ్లున్న పట్నం ఆసుపత్రికి ఇచ్చేయమన్నారు. ఆ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాప ఊపిరి లెక్కపెట్టడం అప్పటికే నాకు అలవాటు. ఆ రోజు నుంచి మలుపులు కూడా లెక్కపెట్టడం మొదలైంది.

బండి కొండ ఎక్కే స్థితిలో లేదు కనుక సెన్సర్ మార్చడం మా స్కూలు ఆవరణలోనే జరిగింది. శనివారం, మామిడిచెట్టు కింద. ముందురోజు సాయంత్రమే బిగుసుకుపోయిన మర మీద నూనె చల్లి వెళ్ళాడు రాబ్సన్. పొద్దున్నే వచ్చి సెన్సర్ అట్టపెట్టెలో ఉన్న కాగితం నా చేతికిచ్చాడు.

"అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నాకు అంకెలైతే ఆనతాయి గానీ ఇవి ఆనడం లేదు. నీ కళ్ళు కావాలి మేష్టారూ."

బ్యాటరీ తీగ విప్పి బండి కిందికి దూరాడు. నేను పక్కన కూర్చుని చదవసాగాను. సెన్సర్ కొనను వేళ్ళతో ముట్టుకోరాదు. మూత చివరి క్షణం వరకు తీయరాదు. ఆ తర్వాతి వాక్యం చదివి ఆగిపోయాను. వేడిగా ఉన్నప్పుడు నీరు తగలరాదు.

పైకి చదవలేదు.

కొలిచే ఆ కొనలో ఒక పింగాణీ ముక్క ఉంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ అది ఎర్రగా కాలుతూ ఉండాలి. అలా కాలితేనే కొలవగలదు. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన కుండలో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో మా ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

బండి తలుపు సంచిలో ప్రయాణాల పుస్తకం ఉంటుంది. ఎక్కడికి వెళ్ళిందీ, ఎవరిని తీసుకెళ్ళిందీ, లైటు ఎప్పుడు వెలిగిందీ రాబ్సనే రాస్తాడు, గుండ్రటి చేతిరాతతో. తీసి చూశాను. మూడేళ్ళలో పందొమ్మిది శవాలు. దించిన ప్రతిసారీ లైటు వెలగలేదు. వెలిగిన మూడుసార్లూ మాత్రం అదే రోజో ముందురోజో శవాన్ని దించాడు. మూడు చాలా చిన్న సంఖ్య, దాని మీద ఏ సిద్ధాంతమూ నిలబడదు. ఆ మాట నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను.

"ఏం రాశాడు? బిగించేదానికి ఏదైనా లెక్క చెప్పాడా?" బండి కింద నుంచి అడిగాడు రాబ్సన్.

"వేళ్ళతో నాలుగు చుట్లు తిప్పాకే స్పానర్ పెట్టమన్నాడు."

"ఆ మాత్రం ముద్ద మింగడం వచ్చిన ప్రతివాడికీ తెలుసు."

పాత సెన్సర్ కిర్రుమని వదిలింది. దాని తీగ ఒక చిన్న పెట్టెకు అతుక్కుని ఉంటుంది. పెట్టెతో సహా ఊడదీసి నా ఒళ్ళో పెట్టాడు. కొన నల్లగా ఉంది. పట్టి ఊపితే లోపల సన్నగా గలగలమంది, ఎండిన చిక్కుడుకాయలా. అంతకుముందు తీసిన రెండింటినీ కూడా రాబ్సన్ పారేయలేదు. పాలపొడి డబ్బాలో దాచాడు.

కొత్తదాన్ని పట్టుకున్న తీరు చూశాను. కాన్పు గదిలో మంత్రసాని చేతులు అలా ఉంటాయి. తీగ మెలిక పడకుండా చిన్న పెట్టెను తనతోపాటే తిప్పుతూ, మరను వేళ్ళతో ఎక్కించాడు. మర బిగుసుకుపోకుండా పూసిన జిడ్డుముద్ద కొనకు అంటకుండా చిటికెనవేలు అడ్డం పెట్టాడు. తర్వాత స్పానర్ పెట్టి ఒక్క గుంజు గుంజాడు. పెట్టెను చాసిస్‌కు బిగించాడు. చివరికి ప్లగ్గు నొక్కితే టక్కుమంది. ఆ టక్కు కోసమే ఇద్దరం ఊపిరి బిగబట్టినట్టున్నాం.

ఇంజను స్టార్టు చేశాడు. లైటు ఇంకా ఉంది. లారీవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్న యంత్రం తగిలించి బండి గుర్తుపెట్టుకున్న పాత తప్పులు చెరిపేశాడు. స్కూలు చుట్టూ, ఊరి చుట్టూ గంటసేపు తిప్పితే గానీ బండికి నమ్మకం కుదరలేదు. అప్పుడు ఆరింది.

రాబ్సన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెర్విస్ టీ, మాండసీలనే తీపి బోండాలు తెచ్చి పెట్టింది. పాప అతని వేలికున్న నూనెమరక పట్టుకుని లాగుతోంది.

చెప్పాలి. చెబితే లుసుంగు సంగతి కూడా చెప్పినట్టే. అతను రెండూ రెండూ కలుపుకోలేని మనిషి కాదు.

"మామా, ఈసారి పంపింది వేరే రకం. దీనికి నీళ్ళు పడవు. గొట్టంలో అస్సలు పొయ్యొద్దు. కడగాలంటే ఇంజను ఆపేసి, గంటసేపు చల్లారనివ్వు."

"ఇంజను ఆపితే మళ్ళీ అందుకోవద్దూ? దీని బ్యాటరీ కూడా ముసలిదేగా."

"వాలు మీద ఆపు. పది చేతులు పడితే అందుకుంటుంది."

మాండసీ సగం విరిచి, విరిచిన చోట చూస్తూ కూర్చున్నాడు.

"మరి పాతవి?"

"పాతవాటికి మన డీజిల్ పడలేదు."

"ఓహో," అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, "నువ్వు చదువుకున్నవాడివి. నీకు తెలుస్తుంది," అని లేచాడు. పాత సెన్సర్‌ను, కొత్తది వచ్చిన అట్టపెట్టెను కూడా వెంట తీసుకుపోయాడు.

ఆ నెలలో రెండుసార్లు వాగు దగ్గర అతన్ని చూశాను. ఇంజను ఆపి, వాగు పైనున్న వాలు మీద రాయి మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడప్పుడూ లేచి వెళ్ళి గొట్టానికి మండచెయ్యి ఆనించి చూసి, మళ్ళీ కూర్చునేవాడు.

"పెళ్ళికూతురు అలిగిందా ఏం?" అంది న్యాగోండ్వె.

"ఒళ్ళు చల్లారాలి."

"మా ఆయనకీ ఆ మాట చెప్పవయ్యా కాస్త!"

ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. రాబ్సన్ నవ్వలేదు. గంట గడిచాక కడిగాడు. గొట్టానికి గుడ్డ కుక్కి మరీ కడిగాడు. తర్వాత ఆ ఆడవాళ్ళే వాలు మీద బండిని తోసిపెట్టారు.

మార్చి మొదటివారంలో పాపకు జ్వరం వచ్చింది. ఉదయం మందు వేశాం. మధ్యాహ్నం నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మెర్విస్ అరుపు వినిపించింది. వెళ్ళేసరికి వనంగ్వా కళ్ళు పైకి తేలిపోయి, చేతులు కొట్టుకుంటున్నాయి. పెదవులు నీలం. మలేరియా మెదడుకెక్కితే ఇలాగే ఉంటుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. ఎన్ని నిమిషాలు ఆగవచ్చో గుర్తు తెచ్చుకుందామంటే ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు.

కిటికీలోంచి వాలు మీద తెల్ల బండి కనిపించింది. మెర్విస్ పాపను ఎత్తుకుని పరిగెత్తింది. నేను వెనక.

రాబ్సన్ రాయి మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. వెనక తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల నేల మీద, పెట్టె ఈడ్చిన చారల్లో, ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"కడగలేదు," అన్నాడు. "ఇప్పుడే వచ్చాను. గొట్టం చల్లారలేదు. నువ్వే కదా గంట అన్నావు."

ఎక్కడమే. అంతకంటే ఏమీ లేదు. మట్టి మట్టే. ఆ మట్టికీ నా బిడ్డకూ ఏ సంబంధమూ లేదని నలభైమంది పిల్లలకు పాఠం చెప్పగలను. కానీ నా కాలు లేవలేదు. మెర్విస్ పాపను గుండెకు అదుముకుని నావైపు చూసింది. ఆమె కాలూ లేవలేదు. మేమిద్దరం అలా ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. ఎక్కువసేపు కాదు. కాని నిలబడ్డాం.

రాబ్సన్ డబ్బా ఎత్తి ముందు తన చేతుల మీద పోసుకున్నాడు, తర్వాత స్టీరింగ్ మీద కాసిని చిలకరించాడు.

"ముందు ఎక్కండి. ముందు సీట్లో ఎవరూ పడుకోలేదు. వెనకవాళ్ళు వెనకే ఉంటారు. ఊఁ, ఎక్కు తల్లీ!" ఆ తర్వాత వాగువైపు తిరిగి కేక పెట్టాడు. "న్యాగోండ్వె! రండి!"

"తోయండే! నోళ్ళేనా, చేతులు లేవా?" న్యాగోండ్వె అప్పటికే పరిగెడుతోంది. చేపపొలుసు అంటిన చేతులు బండి వెనక దబదబ పడ్డాయి. వాలు మీద బండి కదిలింది, ఒకసారి తుమ్మింది, అందుకుంది. ఆపకుండానే వంతెన దగ్గర తిప్పి కొండవైపు పట్టాడు.

మొదటి మలుపు. రెండు. ఎక్కుతూ నేను అందుకున్న పాప ఒళ్ళు నా తొడ మీద కొట్టుకుంటోంది. నా కళ్ళు మాత్రం లైటు వెలిగే చోటు మీదే ఉన్నాయి. అక్కడ ఏమీ లేదు, నల్లటి గాజు. వెలగకూడదు, వెలగకూడదు అనుకుంటూ దాన్నే చూస్తున్నాను.

"దాన్ని కాదు, పిల్లను చూడు," అన్నాడు రాబ్సన్.

నాలుగో మలుపు దాటాం. ఇంజను గొంతు మారలేదు. ఎనిమిది. పది. మెర్విస్ తడికొంగుతో పాప నుదురు తుడుస్తూ ప్రార్థన గొణుగుతోంది. పదమూడో మలుపు దగ్గర పాప చేతులు కొట్టుకోవడం ఆగింది. ఆగడం మంచికో చెడ్డకో తెలియక పాప ముక్కు దగ్గర నా చెంప ఆనించాను. ఊపిరి తగిలింది.

"ఉంది," అన్నాను.

రాబ్సన్ తల ఊపాడు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు: "పాతదాని మీదున్న నెంబరే కొత్తదాని మీదా ఉంది మేష్టారూ."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పాలపొడి డబ్బాలోవి తీసి చూశాను. అట్టపెట్టె మీద నెంబరూ చూశాను. అంకెలు నాకు ఆనతాయని చెప్పాను కదా. మూడింటికీ, దీనికీ ఒకటే నెంబరు. వేరే రకం కాదు."

"ఎప్పుడు చూశావు?"

"ఆ రోజు సాయంత్రమే."

"మరి నన్ను అడగలేదే?"

"అడిగితే చెప్పేస్తావని."

పదిహేను. పదహారు. గేరు మార్చిన చెయ్యి గేరు మీదే ఉండిపోయింది. పదిహేడో మలుపు దగ్గర రోడ్డు పక్కన కొండరాయి తెల్లగా బయటికి పొడుచుకుని ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి బండిని నెమ్మది చేయలేదు, తొందరపెట్టనూ లేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను. నేను నీళ్ళు పొయ్యకపోయుంటే, లుసుంగు పైకి చేరేదా?"

మూడు చాలా చిన్న సంఖ్య అని చెప్పవచ్చు. డీజిల్ అని మళ్ళీ చెప్పవచ్చు. నా బిడ్డ తల నా మోచేతిలో ఉంది. ఆమె ఊపిరికీ ఆసుపత్రికీ మధ్య ఉన్నది ఈ మనిషి చేతులు. ఆ చేతులు వణికితే ఏమవుతుందన్న భయం కూడా నాకు వచ్చింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ముందు వచ్చింది ఆ భయమే.

"చేరేది మామా," అన్నాను.

మెర్విస్ ప్రార్థన ఆగిపోయింది. బండి పద్దెనిమిదో మలుపు తిరిగింది. ఎంత మెత్తగా తిరిగిందంటే పాప తల నా చేతిలో కదలలేదు.

పైన ఆసుపత్రిలో నర్సు సిస్టర్ న్యాసులు పాపను నా చేతుల్లోంచి లాక్కుని లోపలికి పోయింది. సూది వేశారు, ముక్కుకు గాలిగొట్టం పెట్టారు. గంటన్నర తర్వాత వనంగ్వా కళ్ళు తెరిచి అమ్మను వెతుక్కుని ఏడ్చింది. ఇంకా మూడు రోజులు చూడాలన్నారు. వినికిడి, చూపు తర్వాత పరీక్షించాలన్నారు. అది మరో కథ. ఆ భయం ఇప్పటికీ తీరలేదు.

ఎవరికైనా దండం పెట్టాలనిపించి బయటికి వచ్చాను. బండి వంటశాల వెనక కుళాయి దగ్గర ఉంది. పాతికేళ్ళలో మొదటిసారి శవాన్ని దింపిన బండి కడగకుండా కొండెక్కింది. పక్కనే నిండు బకెట్టు, గుడ్డ, బ్రష్షు. రాబ్సన్ నేల మీద కూర్చుని ఉన్నాడు, వీపు చక్రానికి ఆనించి.

"పాప ఏడ్చింది మామా."

"విన్నాను," అన్నాడు.

అతని పక్కన కూర్చున్నాను. కాసేపటికి అతను లేచి వెనక్కి వెళ్ళి, వంగి, పొగగొట్టానికి మండచెయ్యి ఆనించాడు. చాలాసేపు తీయలేదు. బండి ఆగి గంటన్నర దాటింది. అయినా, కాలుతున్నా తీయడం లేదేమోనని నేను లేవబోయాను.

"ఇంకా వేడిగానే ఉంది," అని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.